కాటుక రేకుల పొడ: పాముకాటు వైద్య చరిత్రలో యానాదులు, ఇరుళర్లు

మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో రక్తపింజరి ఒకటి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని రసెల్స్ వైపర్ అంటారు. శాస్త్రీయ నామం దబోయా రసెలై. రెండు పేర్లలోనూ ఉన్న రసెల్ ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు. ఆయన 1780లలో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండు వైద్యుడు ప్యాట్రిక్ రసెల్. కోరమండల్ తీరంలో సేకరించిన పాములపై ఆయన రాసిన పెద్ద గ్రంథం 1796లో లండన్‌లో అచ్చయింది. అందులో ఈ పాముకు రోమన్ లిపిలో ఒక తెలుగు పేరు ఇచ్చాడు: కాటుక రేకుల పొడ.

ఈ పేరును కాస్త నిదానంగా చదవాలి. పొడ అంటే మచ్చ, చుక్క. ఒంటి మీద వరుసగా రేకుల ఆకారంలో, అంచుకు కాటుక దిద్దినట్టున్న మచ్చలు గల పాము అన్నమాట. రక్తపింజరిని చూసినవారికి ఇంతకన్నా కచ్చితమైన వర్ణన దొరకదు. ఈ పేరు పెట్టినవారు పామును దూరం నుంచి చూసి పారిపోయినవారు కారు. దగ్గరగా, తీరిగ్గా, ఒకసారి కాదు అనేకసార్లు చూసినవారు. కొండచిలువకు రసెల్ నమోదు చేసిన పేరు పెద్దపొడ. పసుపు, నలుపు పట్టీలున్న మరో పాముకు ఆయన విన్న పేరు బంగారు పాము. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దొదాఁ కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అని పేరు పెట్టినప్పుడు ఆ తెలుగు మాటనే తీసుకున్నాడు. నేటికీ ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త కట్లపాము గురించి రాసినా మన బంగారాన్ని తలవక తప్పదు.

పాముకు రసెల్ పేరు నిలిచింది. రసెల్‌కు పాము పేరు చెప్పిన మనిషి పేరు నిలవలేదు. ఆ మనిషి ఏ ఊరివాడో, ఏ కులమో, ఏ తెగో ఊహించడానికి కూడా మనకు ఆధారం లేదు. పాముకాటు వైద్య చరిత్ర రాసేటప్పుడు ఈ లోటును మొదటే గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఇదే లోటు తర్వాతి రెండు వందల ఏళ్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అదే తీరం వెంట దక్షిణంగా వచ్చి, పులికాట్ సరస్సుకు అటూ ఇటూ ఉన్న రెండు ఆదివాసీ సమాజాల ద్వారా ఈ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరస్సుకు రెండు ఒడ్డులు

పులికాట్ సరస్సుకు ఉత్తరాన పూర్వపు నెల్లూరు జిల్లా, దక్షిణాన పూర్వపు చెంగల్పట్టు జిల్లా. ఉత్తరాన యానాదులు, దక్షిణాన ఇరుళర్లు. యానాదుల మాతృభాష తెలుగు. ఇరుళర్ల భాష తమిళానికి దగ్గరిది. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల్లోనూ కొన్ని ఇరుళ కుటుంబాలున్నాయి. ఇరుళ అనే పేరుకు చీకటి అని అర్థం చెబుతారు. మన ప్రాచీన కవులు చీకటికి వాడిన ‘ఇరులు’ అన్న మాట ఇదే. భాషలు విడిపోకముందు నుంచీ ఉన్న బంధుత్వం ఒక తెగ పేరులో ఇలా మిగిలి ఉంది.

ఈ రెండు సమాజాల పాత జీవన విధానంలో పోలికలు చాలా ఉన్నాయి. ఇద్దరూ అడవి అంచున, చెరువు గట్ల పక్కన, వరిపొలాల మధ్య బతికినవారు. దుంపలు తవ్వడం, తేనె తీయడం, చేపలు పట్టడం, గట్లలోని ఎలుక కన్నాలు తవ్వి ఎలుకల్నీ అవి దాచుకున్న ధాన్యాన్నీ తీసుకోవడం ఇద్దరికీ తెలుసు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. కన్నంలో చెయ్యి పెట్టేముందు లోపల ఉన్నది ఎలుకా, పామా అని తెలియకపోతే ఆ చెయ్యి తిరిగి బయటికి రాదు. కన్నం నోటి దగ్గర మట్టి నునుపు, ఇసుక మీద జాడ, రాలిన కుబుసపు ముక్క, పెంటిక, వాసన - ఇవన్నీ వారికి అక్షరాలు. ఈ చదువు విలాసంగా నేర్చుకున్నది కాదు. రోజు కూటి కోసం నేర్చుకున్నది.

శ్రీహరికోట యానాదుల గురించి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో విపులంగా ఉంది. 1835లో శ్రీహరికోట దీవి ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ తర్వాత అక్కడి యానాదులు అడవిలో దొరికే వస్తువులు సేకరించి ప్రభుత్వానికి అప్పగించడం, బదులుగా ధాన్యం వంటివి పొందడం అనే ఏర్పాటు సాగింది. తేనె, కుంకుళ్లు, రంగు వేసే చిరివేరు, సుగంధిపాల వంటి మూలికలు వారి చేతుల మీదుగానే బయటి ప్రపంచానికి చేరాయి. అంగట్లో సుగంధిపాల కొన్న మద్రాసు గృహిణికి అది ఏ చేతులు తవ్విన వేరో తెలిసే అవకాశం లేదు.

బ్రిటిషు పాలనలోనే యానాదుల్లో కొందరిని నేరస్థ తెగల జాబితాలో చేర్చారు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే మనిషి పోలీసు ఠాణాలో వేలిముద్ర వేసే మనిషయ్యాడు. ఈ అవమానానికి వ్యతిరేకంగా నెల్లూరు ప్రాంతంలో వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971లో మొదటి ప్రయోగం జరిగింది. దీవిలోని కుటుంబాలు తమ చోట్లు వదిలి జరగవలసి వచ్చింది. మూలిక ఎక్కడ మొలుస్తుందో తెలిసిన మనిషిని ఆ నేల నుంచి కదిపితే, అతనికి తెలిసినదాంట్లో సగం అక్కడే ఉండిపోతుంది. ఆదివాసీ వైద్యం తరిగిపోవడానికి మనం సాధారణంగా చెప్పుకునే కారణం ఆధునిక వైద్యం రావడం. నేల పోవడం అంతకన్నా పెద్ద కారణమని మా అభిప్రాయం.

తంజావూరు మాత్ర

ఇప్పుడు మళ్లీ రసెల్ దగ్గరికి వెళదాం. ఆయన 1782లో విశాఖపట్నం వచ్చాడు. 1785లో యోహాన్ కోనిగ్ మరణించాక ఈస్టిండియా కంపెనీ ఆయనను కర్ణాటక ప్రాంతానికి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. కంపెనీకి అప్పుడు రెండు అవసరాలున్నాయి. ఏ పాము విషసర్పమో, ఏది కాదో తమ సిపాయిలకు, ఉద్యోగులకు తెలియాలి. పాముకాటుకు దేశీయులు వాడే మందుల్లో పనిచేసేది ఏదో తేలాలి.

అప్పట్లో చాలా పేరుపొందిన మందు తంజావూరు మాత్ర. నాయక రాజుల కాలం నుంచి తెలుగు వినిపించిన తంజావూరు మన పాఠకుల్లో చాలామందికి సొంత ఊరు లాంటిదే. ఆ ఊరి పేరు మోసిన ఈ మాత్రలో తెల్లపాషాణం, అంటే ఆర్సెనిక్, ముఖ్య ద్రవ్యం. రసెల్ దీన్ని కుక్కల మీద, కోళ్ల మీద పరీక్షించాడు. పాము కరిచిన జంతువును ఆ మాత్ర నమ్మకంగా బతికిస్తుందని ఆయనకు రుజువు దొరకలేదు. అయినా మాత్ర కీర్తి తగ్గలేదు. సముద్రాలు దాటి వెస్టిండీస్ దీవుల్లో పాముకాటుకు ఆర్సెనిక్ వాడి చూసిన వైద్యులు కూడా దీన్నే ఉదాహరణగా చూపారు.

పనిచేయని మందుకు ఇంత పేరు ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఊళ్లోని పాముమంత్రం నుంచి పట్టణంలోని పసరుమందు వరకు అన్నీ అర్థమవుతాయి. మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ భాగానికి విషం లేదు. విషమున్న పాము కరిచినా ప్రతిసారీ విషం దింపదు. ఒట్టి కాట్లు చాలా ఉంటాయి. దింపినా చాలినంత దింపకపోవచ్చు. కాబట్టి పాము కరిచినవారిలో చాలామంది ఏ మందూ లేకుండానే బతుకుతారు. ఆ బతికినవారందరూ తాము చివరగా మింగిన మందుకు సాక్షులవుతారు. చనిపోయినవారు సాక్ష్యం చెప్పలేరు. వైద్యుడు మోసగాడు కానక్కరలేదు. తన చేతిలో బతికినవారిని చూసి అతనూ మనస్ఫూర్తిగానే నమ్ముతాడు.

1872లో కలకత్తాలో సర్జన్‌గా ఉన్న జోసెఫ్ ఫేరర్ భారతదేశపు విషసర్పాలపై గొప్ప గ్రంథం ప్రకటించాడు. దేశమంతటా వాడుకలో ఉన్న అనేక మందుల్ని పరీక్షించి, నాగుపాము విషాన్ని విరిచే మందు ఒక్కటీ వాటిలో కనబడలేదన్నాడు. ఆయన పరీక్షించినవాటిలో యూరప్ వైద్యుల మందులు కూడా ఉన్నాయి. ఓడిపోయింది ఆదివాసీ వైద్యం ఒక్కటే కాదు, ఆనాటి వైద్యమంతా ఓడిపోయింది.

రెండు వేర్లు, రెండు కథలు

పాముకాటుకు తెలుగు పల్లెల్లో, అడవుల్లో వాడిన మొక్కల్లో రెండింటి చరిత్ర విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి.

మొదటిది ఈశ్వరి. నల్లేశ్వరి అని కూడా అంటారు. విషాన్ని మింగిన ఈశ్వరుడి పేరే దానికి పెట్టారంటే దాని మీద ఎంత నమ్మకముందో తెలుస్తుంది. శాస్త్రీయంగా ఇది అరిస్టొలోకియా ప్రజాతికి చెందిన తీగ. ఈ ప్రజాతి మొక్కల్లో ఉండే ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1990లలో తేలింది. బెల్జియంలో బరువు తగ్గడానికి మందులు తీసుకున్న స్త్రీలకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఆరా తీయగా ఆ మందుల్లో కలిసిన చైనా మూలిక ఈ జాతిదేనని బయటపడింది. 1993లో ఆ సంగతి వైద్యపత్రికలో వచ్చింది. ఈ ఆమ్లం క్యాన్సర్ కారకమని కూడా తర్వాత నిర్ధారించారు. చెట్టు మందు కదా, చెడు చేయదు అనే మాట ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

రెండోది సర్పగంధి. దీని వేరును పాముకాటుకే కాక మతిభ్రమకు, నిద్రలేమికి కూడా మన దేశంలో చాలాచోట్ల వాడారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీన్ని ఉన్మాదానికి, అధిక రక్తపోటుకు మందుగా వైద్యలోకానికి పరిచయం చేశారు. అదే ఏడు ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ సిద్దిఖీ దాని వేరులోని క్షారాలను విడదీశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులపై తన అనుభవాన్ని ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లండులోని సిబా సంస్థ రసాయనికులు దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపోటు వైద్యంలోనూ మానసిక వైద్యంలోనూ అది ఒక కొత్త దశకు దారితీసింది.

పాముకు పనికిరాని వేరు గుండెకు పనికివచ్చింది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. సంప్రదాయం చెప్పిన ప్రతి మాటా నిజం కాదు. సంప్రదాయం చెప్పిన ప్రతి మాటా అబద్ధమూ కాదు. ఏది ఏదో పరీక్షిస్తేనే తెలుస్తుంది. అయితే ఇంకో విషయం కూడా ఉంది. రిసర్పిన్ కథలో సేన్, బోస్, సిద్దిఖీలు, వకీల్, సిబా అన్న పేర్లున్నాయి. మొక్క శాస్త్రీయ నామం రావుల్ఫియాలో పదహారో శతాబ్దపు జర్మన్ వైద్యుడు రావుల్ఫ్ పేరుంది. ఆయన సిరియా, పాలస్తీనా దేశాలు తిరిగాడు గాని భారతదేశం రాలేదు. అడవిలో ఆ వేరు తవ్వి, దంచి, ఇంత మోతాదు అని మొదట నిర్ణయించినవారి పేరు ఒక్కటీ లేదు. గిరాకీ పెరగడంతో అడవుల్లో సర్పగంధి తగ్గిపోయింది. 1990 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి.

విరుగుడు ఎక్కడ దొరికింది

చివరికి పాముకాటుకు నిజమైన విరుగుడు చెట్టులో దొరకలేదు, పాములోనే దొరికింది. 1894లో ఫ్రాన్సులో అల్బేర్ కాల్మెట్, ఆయనతో సంబంధం లేకుండా ఫిజాలిక్స్, బెర్ట్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే సమయంలో ఒకే సంగతి ప్రకటించారు. జంతువుకు పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తే దాని నెత్తుటిలో ఆ విషాన్ని విరిచే గుణం పుడుతుంది. ఆ నెత్తుటి నుంచి తీసిన ద్రవం మరో ప్రాణిని కాపాడుతుంది. నేటికీ మన ఆస్పత్రుల్లో పాముకాటుకు ఇచ్చే సూదిమందు ఈ పద్ధతిలోనే తయారవుతుంది. గుర్రాలకు విషం ఎక్కించి, వాటి నెత్తుటి నుంచి తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి - ఈ నాలుగింటి విషాలకూ కలిపి ఒకే మందు.

కాని గుర్రానికి ఎక్కించడానికి విషం కావాలి. విషానికి బతికున్న పాములు కావాలి. ఆ పాముల్ని చంపకుండా, తాము చావకుండా పట్టగలిగేవారు కావాలి. ఇక్కడే ఇరుళర్లు మళ్లీ చరిత్రలోకి వచ్చారు.

అంతకుముందు కొన్ని దశాబ్దాలు వారి నేర్పు పాము చర్మాల వ్యాపారానికి ఉపయోగపడింది. మద్రాసులోని తోళ్ల వ్యాపారులు పాముకు ఇంత అని ఇచ్చేవారు. విదేశాల్లో చేతిసంచులకు, చెప్పులకు ఆ చర్మాలు పోయేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాము చర్మాల ఎగుమతిని నిషేధించారు. చట్టం పాముల్ని కాపాడింది, మంచిదే. కాని ఇరుళర్ల పొయ్యి ఆరిపోయింది. తాతముత్తాతల విద్య ఒక్కరోజులో నేరమైంది.

ఆ సమయంలో మద్రాసు పాముల పార్కు స్థాపించిన రోములస్ విటేకర్, ఆయన ఇరుళ మిత్రులు కలిసి ఒక మార్గం ఆలోచించారు. పామును చంపి చర్మం అమ్మే బదులు, పామును పట్టి విషం తీసి మళ్లీ వదిలేయవచ్చు కదా అని. 1978లో ఇరుళ పాములవారి పారిశ్రామిక సహకార సంఘం నమోదైంది. 1982 నుంచి విషం అమ్మకం మొదలైంది. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే దారిలో, వడనెమ్మెలి దగ్గర మొసళ్ల పార్కు ఆవరణలో ఈ సంఘం పనిచేస్తుంది. మూడు వందలకు పైగా ఇరుళ స్త్రీపురుషులు ఇందులో సభ్యులు.

అక్కడి పద్ధతిని కాస్త వివరిస్తాం. అటవీశాఖ ఏ జాతి పాములు ఎన్ని పట్టవచ్చో అనుమతి ఇస్తుంది. సభ్యులు పొలాల్లో, గట్లలో, ముళ్లపొదల్లో వెతికి పట్టి గుడ్డసంచిలో తెస్తారు. పామును తూచి, కొలిచి, మట్టికుండలో ఉంచుతారు. కుండ నోటికి గుడ్డ కడతారు. మట్టికుండలో చల్లగా, చీకటిగా ఉంటుంది కాబట్టి పాము కలవరపడదు. మూడు నాలుగు వారాల్లో, మధ్యమధ్య రోజులు వదిలి, నాలుగుసార్లు విషం తీస్తారు. తర్వాత పొట్ట కింది పొలుసును గుర్తుగా కొద్దిగా కత్తిరించి అడవిలో వదిలేస్తారు. త్వరలోనే మళ్లీ అదే పాము చేతికి వస్తే ఆ గుర్తు చూసి వదిలేయవచ్చు. తీసిన విషాన్ని గడ్డకట్టించి, ఆరబెట్టి, పొడిగా మార్చి మందుల తయారీ సంస్థలకు అమ్ముతారు. మన దేశంలో పాముకాటు మందు తయారీకి వాడే విషంలో చాలా భాగం దశాబ్దాలుగా ఇక్కడి నుంచే వెళుతోంది.

ఒక మాట ఆలోచించండి. గుంటూరు మిరపతోటలో కూలి మనిషిని, కోరాపుట్ కొండ మీద రైతును, గడ్చిరోలి అడవిలో బీడీ ఆకు కోసే స్త్రీని పాము కరిచినప్పుడు ఆస్పత్రిలో ఇచ్చే సూదిమందు వెనక, చాలావరకు, చెంగల్పట్టు గట్టు మీద ఒక ఇరుళ మనిషి చెయ్యి ఉంది. ఆ చేతికి జాడ చదవడం నేర్పింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు.

2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళ పాములవారికి భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2017లో వారిద్దరూ అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి, అక్కడి చిత్తడి అడవుల్లో ప్రబలిన బర్మా కొండచిలువల్ని పట్టడంలో ఆ దేశపు నిపుణులకు సాయపడ్డారు. కాటుక రేకుల పొడ అన్న పేరు చెప్పిన మనిషి కాలం నుంచి ఇద్దరు పాములవారి పేర్లు ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయ్యేదాకా రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఆకుమందు ఏమైంది

ఇంతవరకూ చెప్పినదాన్నిబట్టి ఆదివాసుల ఆకుమందు చరిత్ర ముగిసిందని అనుకోరాదు. చెంగల్పట్టు దగ్గర తండరైలో 1986లో ఇరుళ స్త్రీల సంక్షేమ సంఘం ఏర్పడింది. అడవిలో దొరికే మూలికల్ని తోటలో పెంచడం, నారు పోసి పంచడం, పెద్దలకు తెలిసిన వైద్యాన్ని పిల్లలకు అప్పగించడం, మందులు తయారుచేసి అమ్మడం ఆ సంఘం పనులు. వేరు తవ్వితే మొక్క చస్తుంది. తవ్విన చోట మళ్లీ నాటితే మొక్కా బతుకుతుంది, విద్యా బతుకుతుంది.

అంతేకాదు, ఏ ఇరుళ వైద్యుడికీ, ఏ యానాది వైద్యురాలికీ తమ పని పాముకాటు ఒక్కటే కాదు. దగ్గు, జ్వరం, పుండు, కీళ్లనొప్పి, బాలింత బాధలు - ఇలాంటి వాటికే వారి దగ్గరికి ఎక్కువమంది వెళ్లేవారు. అన్నిటికీ ఒకే తీర్పు చెప్పడం న్యాయం కాదు. ప్రాణం మీదికి వచ్చిన విషానికి ఆస్పత్రి, మామూలు నలతకు తెలిసిన ఆకు అని వేరుచేసి చూడగల వివేకం వారిలో చాలామందికి ఉంది. సంఘంలో పనిచేసే పాములవారు తమకు కాటు పడితే ఆస్పత్రికే వెళతారు. పామును అందరికన్నా ఎక్కువ ఎరిగినవారే మంత్రం మీద ఆధారపడనప్పుడు మనం ఆధారపడటానికి కారణం లేదు.

నేటి బాధ్యత

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలు సంభవించే రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ, ఒడిశా కూడా ఉన్నాయి. చనిపోయేవారిలో ఎక్కువమంది పల్లెటూరి రైతులు, కూలీలు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. ఒకే జాతి పాము విషమైనా అన్ని ప్రాంతాల్లో ఒకే రకంగా ఉండదు. తమిళనాడులో కొద్ది ప్రాంతపు పాముల విషంతో చేసిన మందు దూరపు రాష్ట్రాల్లో కొన్ని కాట్లకు అంత బాగా పనిచేయకపోవచ్చని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపారు. కాబట్టి వేర్వేరు ప్రాంతాల్లో పాముల్ని పట్టి విషం సేకరించవలసిన అవసరం ఉంది. ఆ పనికి ఆయా ప్రాంతాల్లో జాడ చదవగలిగినవారు కావాలి. ఆంధ్రలో యానాదులున్నారు. నేరస్థులని ముద్ర వేసి, నేల నుంచి కదిపి, ఇటుకబట్టీలకు, చేపల చెరువులకు కూలీలుగా పంపిన సమాజం దగ్గర మనకు అవసరమైన విద్య ఇంకా ఎంత మిగిలి ఉందో చూసుకోవలసిన సమయం ఇది.

మా పాఠకుల్లో చాలామంది తెలుగునేలకు బయట పుట్టి పెరిగినవారు. మీ ఇళ్లల్లో పెద్దలు వాడే మొక్కల పేర్లు, పాముల పేర్లు మీ ఊళ్లోనే మిగిలిన పాత తెలుగు కావచ్చు. వాటిని సేకరించమని విద్యార్థులకు మేము తరచు చెబుతుంటాం. ఈసారి ఒక నియమం కూడా చేరుస్తున్నాం. పేరుతో పాటు ఆ పేరు చెప్పినవారిని అడిగి, వారు ఒప్పుకుంటే, వారి పేరు, ఊరు, తేదీ కూడా రాయండి. వారు దాచుకోదలచిన మందును అచ్చుకు ఎక్కించవద్దు. ఆ విద్య వారిది. మనం రాసుకునేవాళ్లం మాత్రమే. మీ పక్క ఊరి ఇరుళ కుటుంబాన్నో, యానాది కుటుంబాన్నో చూసినప్పుడు ఆ పేరును తిట్టుగా వాడే అలవాటు మన వాడుకలో ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని మానుకోండి.

చివరగా, ఇది చరిత్ర వ్యాసమే అయినా ఒక మాట చెప్పకుండా ముగించలేం. పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు, పసరు పోయవద్దు. కరిచిన కాలినో చేతినో కదలకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెప్పి, వెంటనే సూదిమందు ఉన్న ఆస్పత్రికి తీసుకువెళ్లండి. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఆ ఆస్పత్రిలో ఉన్న మందును మనదాకా తెచ్చినవారిలో మొదటివారు ఎవరో ఇకమీదట మనకు తెలుసు.